ఎడమవైపు ఫోటో

పదకొండు ఫోటోలు పెట్టాడు.
పదకొండూ గొలుసు వైపు నుంచే.

గెంట్‌లో వాన తెరిపివ్వని మార్చి రాత్రి.
పొద్దుటి పియానో తాలూకు ఫెల్టు నూగు
ఇంకా గోళ్లలోనే ఉంది.
చల్లారిన సూప్ గిన్నె పక్కకు జరిపి
ఆ సైకిల్‌ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాను.

ఉక్కు ఫ్రేము. నాకంటే రెండేళ్లు చిన్నది.
గొట్టాలు కలిసే చోట
తమలపాకు మొనల్లా చెక్కిన అతుకులు.
గేర్ల మీటలు కింది గొట్టం మీద, బుల్లివి,
హాండిల్ వదిలి వంగి తడుముకోవాలి వాటిని
చీకట్లో చెప్పుల కోసం తడుముకున్నట్టు.
రంగు నీలం అని రాశాడు.
నాకది వానకు ముందు లేయ్ నదిలా ఉంది.

రెండువందల ఎనభై యూరోలు, బేరం లేదు.
పక్కనే ఒక నవ్వు బొమ్మ.
బేరం లేదన్నవాడికి నవ్వెందుకు?

నాకు సైకిల్ లేక కాదు.
పనిముట్ల పెట్టె మోసే బండ సైకిల్ ఉంది,
గాడిద లాంటిది, మంచిది,
పని ఉన్న చోటికి తప్ప ఎక్కడికీ తీసుకెళ్లదు.
ఇది దేనికీ పనికిరాదు.
అందుకే కావాలి.
ఈ యాభైరెండేళ్ల నడుముతో అంత ముందుకు వంగి
ఔడెనార్డ్ అవతల రాళ్లు పరిచిన ఎత్తులెక్కుతానా?
నడుమునే అడిగాను.
రేపు చెప్తానంది.

చెల్లెలు హిల్డెగొండ్‌కి చూపించాను.
"తుప్పుకి డబ్బులిస్తావా" అంది.
"నువ్వు సముద్రపు గాలికి ఇవ్వలేదా, ఆ ఫ్లాటుకి?"
కాసేపు ఇద్దరం ఏమీ రాసుకోలేదు.

అర్ధరాత్రి దాటాక అతనికి పంపాను:
ఇంకో ఫోటో వద్దు.
చెంచాతో ఒక్కో గొట్టాన్నీ మెల్లగా కొట్టి
ఆ చప్పుడు పంపుతారా?
కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూడరూ,
నా బతుకుతెరువంతా అదే.

పిచ్చిదనుకుంటాడనుకున్నాను.
పొద్దున్నే ఆరింటికి వచ్చింది, ఇరవైరెండు సెకన్లు.

మొదట వెనక చక్రం,
కీచురాళ్ల గుంపొకటి దూరమైపోతున్నట్టు.
తర్వాత చెంచా.
పై గొట్టం ఖంగుమంది,
మధ్యమానికి వెంట్రుకవాసి దిగువ.
సీటు కింది గొట్టం, సరే.
ముందు ఫోర్కు, రెండు కాళ్లకీ ఒకే గొంతు.
కింది గొట్టం దగ్గర చెంచా ఆగింది.
ఊపిరి వినిపించింది.
కొట్టాడు.

టప్.

నానిన తలుపు మీద తట్టినట్టు.
వెనకనుంచి ఎవరో పిల్ల:
"అక్కడొద్దు నాన్నా, అక్కడ కొట్టకు."

అప్పుడడిగాను ఎడమవైపు ఫోటో.

మధ్యాహ్నం దాకా పంపలేదు.
పంపింది చూస్తే, హాండిల్ గొట్టానికి బెత్తెడు కింద
సన్నటి చీలిక,
దాని మీద గోళ్లరంగు,
నీలానికి దగ్గరి నీలం.
"పడ్డాను. ఆ తర్వాత ఎక్కడానికి భయమేసింది.
అబద్ధం రాయలేదు. అటువైపు తియ్యలేదంతే.
ఆర్నౌట్."

తియ్యని ఫోటోకీ అబద్ధానికీ ఎంత దూరమో
నాకు బాగా తెలుసు.
అమ్మకానికి పెట్టిన పియానోల మీద నేనూ
కొన్ని మెట్లు తాకకుండా వాయించి చూపించాను.
ఒకసారి ఒక బడికి.
ఆ పాటలో ఆ స్వరం లేదు, అంతే.

తెలివైనవాళ్లు ఇక్కడ ఫోను బోర్లించి
సూప్ వేడి చేసుకుంటారు.
ఉక్కు కాబట్టి అతుకుతుంది,
అతికేవాడు దొరకాలి, వాడెంత అడుగుతాడో.
"నూటనలభై" అని కొట్టాను. చెరిపాను.
"పాప పేరేమిటి" అని కొట్టాను. అదీ చెరిపాను.

చివరికి వెళ్లింది ఇది:
శనివారం ఇంట్లో ఉంటారా?
చెంచా నేనే తెచ్చుకుంటాను.

సంచిలో టార్చి, కొలత టేపు.
ఒక జేబులో నూటనలభై.
తతిమ్మా నూటనలభై, ఎందుకైనా మంచిదని,
రెండో జేబులో.